యోమ్ కిప్పూర్: పనంతా ముందురోజే

అందరికీ నమస్కారం.

యూదుల పండుగల్లో యోమ్ కిప్పూర్ గురించి, అంటే పాపాల ప్రాయశ్చిత్తానికి ఉపవాసం ఉండే రోజు గురించి చెప్పమన్నారు. ఇక్కడున్న క్రైస్తవ కుటుంబాల వాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. తెలుగు బైబిల్లో లేవీయకాండం 16, 23 అధ్యాయాలు చదివినవాళ్లు ‘ప్రాయశ్చిత్తార్థ దినము’ అన్న పేరుతో దీన్ని ఎరుగుదురు. మిగతావాళ్లు 1973 ఇశ్రాయేలు యుద్ధం పేరులో విని ఉంటారు.

ముందు తేదీ లెక్క చూద్దాం. యూదుల ఏడాది మన పంచాంగం లాగే చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ రెండింటినీ పట్టుకుని నడుస్తుంది. 19 ఏళ్లలో 7 అధికమాసాలు, అక్కడా ఇక్కడా. తిష్రీ నెల పదో రోజు యోమ్ కిప్పూర్. చాలా ఏళ్లలో వాళ్ల తిష్రీ మన ఆశ్వయుజంతో కలుస్తుంది. అందుకే 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న విజయదశమీ యోమ్ కిప్పూరూ ఒకే రోజు పడ్డాయి. ప్రతి ఏడాదీ ఇలాగే వస్తాయనుకోకండి. వాళ్లు అధికమాసాన్ని ఎప్పుడూ అదార్ నెల దగ్గరే కలుపుతారు. మనకి సంక్రాంతి లేని నెల ఎక్కడ వస్తే అక్కడ. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది. యోమ్ కిప్పూర్ సెప్టెంబరు 25నే అయిపోయింది, దసరా ఆ తర్వాత నెలకి వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం కాబట్టి మళ్లీ అదే తీరు.

వారాల లెక్క కూడా ఒకటుంది. యోమ్ కిప్పూర్ ఆదివారం, మంగళవారం, శుక్రవారం ఎప్పటికీ రాదు. క్యాలెండరునే అలా సర్దారు. శనివారం సబ్బాతు, ఆ రోజు వంట లేదు, ఖననం లేదు. దాని పక్కనే శుక్రవారమో ఆదివారమో ఇది కూడా వస్తే రెండు రోజులు వరసగా పొయ్యి వెలగదు, ఇంట్లో ఎవరైనా పోతే శవం రెండు రోజులు అలాగే ఉండాలి. మంగళవారాన్ని తప్పించింది అదే నెలలో వచ్చే ఇంకో పండుగ కోసం, అది వేరే కథ. శనివారం నాడు మాత్రం రావచ్చు. మిగతా ఉపవాసాలు సబ్బాతు నాడు పడితే ఇంకో రోజుకు జరుపుతారు గానీ దీన్ని జరపరు.

మొత్తం నిడివి సుమారు 25 గంటలు. ముందురోజు పొద్దు గుంకక ముందే మొదలై, ఆ రోజు చీకటి పడి నక్షత్రాలు కనబడ్డాక ముగుస్తుంది. రంజాన్ రోజా తెల్లవారుజాము నుంచి పొద్దు గుంకే వరకు. ఇది రాత్రీ పగలూ కలిపి. నిర్జల ఏకాదశి చేసేవాళ్లకి దీని బరువు తెలుస్తుంది. మంచినీళ్లు కూడా లేవు.

ఆ 25 గంటల్లో నిప్పు రాజెయ్యరు, రాయరు, డబ్బు ముట్టుకోరు, బండి నడపరు, ఫోను తియ్యరు. దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. దీపం మర్చిపోతే వెలిగించడానికి లేదు. బాకీ గుర్తొస్తే తీర్చడానికి లేదు. దూరాన ఉన్న అన్నగారితో మాట్లాడాలనిపిస్తే ఫోను చెయ్యడానికి లేదు. యోమ్ కిప్పూర్ నాడు బయటపడే లోపాలు దాదాపు అన్నీ అంతకుముందే జరిగిపోయి ఉంటాయి. ముహూర్తం వేళకి తాళిబొట్టు కోసం అలమరాలు వెతికే పెళ్లిల్లు ఎలా ఉంటుందో, ముందురోజు పని చేసుకోని ఇల్లు ఆ రోజు అలా ఉంటుంది. నేటి నా మాటంతా ఆ ముందురోజు చుట్టూనే.

ఇలా ముందే సిద్ధపడడం ఇప్పుడు కొత్తగా వచ్చిన పద్ధతి కాదు. యెరూషలేములో దేవాలయం ఉన్న కాలంలో ఆ రోజు భారమంతా ప్రధానయాజకుడి ఒక్కడి మీద ఉండేది. మిష్నా అనే ప్రాచీన యూద ధర్మశాస్త్ర గ్రంథంలో యోమా అనే భాగం దీనికోసమే ఉంది. అది ఆ రోజుతో మొదలు కాదు, వారం ముందు నుంచి మొదలవుతుంది. ఏడు రోజుల ముందే యాజకుణ్ణి ఇంట్లోంచి తెచ్చి దేవాలయంలో ఒక గదిలో ఉంచేవారు. ఏ కారణం చేతనైనా ఆయన పనికిరాకపోతే నిలబడడానికి ఇంకొకణ్ణి సిద్ధంగా పెట్టేవారు. ఆ వారమంతా రక్తం చిలకరించడం, ధూపం వెయ్యడం, దీపాలు సర్దడం ఆయన చేతే చేయించి అలవాటు చేసేవారు. పెద్దలు పక్కన కూర్చుని విధి అంతా చదివి వినిపించి, ‘మీరు మరచిపోయి ఉండవచ్చు, అసలు నేర్చుకోకపోయి ఉండవచ్చు, మీ నోటితో మీరే చదవండి’ అనేవారు. ప్రధానయాజకుడంతటివాడితో ఆ మాట అనడం చూడండి. పదవిని డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు ఉన్న రోజులవి, ఆ జాగ్రత్త ఊరికే పెట్టుకున్నది కాదు. ముందురోజు పొద్దున ఎడ్లను, పొట్టేళ్లను, గొర్రెలను ఆయన ముందు నుంచి నడిపించేవారు, కంటికి అలవాటు కావాలని. ఆ సాయంత్రం ఎక్కువ తిననిచ్చేవారు కాదు, తింటే నిద్ర వస్తుందని. రాత్రి కునుకు పడితే కుర్ర యాజకులు వేళ్లు చిటికేసి లేపి, చల్లటి నేల మీద నిలబెట్టేవారు.

ఆ రోజు పని చూడండి. ఐదుసార్లు మునక, పదిసార్లు కాళ్లూ చేతులూ కడగడం. బంగారు బట్టలు విప్పి తెల్లని నారబట్టలు, మళ్లీ బంగారువి, మళ్లీ తెల్లవి. పొద్దుటి నారబట్ట ఈజిప్టు పెలూసియం నుంచి, మధ్యాహ్నపు నారబట్ట హిందూదేశం నుంచి వచ్చేవని మిష్నా ధరలతో సహా రాసిపెట్టింది. రబ్బీ మెయిర్ అనే గురువు లెక్కలో పొద్దుటిది 12 మానేలు, మధ్యాహ్నపుది 800 జూజులు (జూజు వెండి నాణెం, వంద జూజులు ఒక మానే). మన దేశపు నేత ఆ దేవాలయంలో గర్భగుడి లాంటి అతిపరిశుద్ధ స్థలం దాకా వెళ్లిందన్నమాట.

అతిపరిశుద్ధ స్థలంలోకి ఏడాదికి ఆ ఒక్కరోజే, ఆ ఒక్క మనిషే. ముందు నిప్పుల మీద రెండు దోసిళ్ల ధూపం. దోసిలి ఎవరిది వాళ్లదే; పెద్ద చేతులవాడికి పెద్ద కొలత, చిన్న చేతులవాడికి చిన్నది. ఆ తర్వాత కోడె రక్తం పైకి ఒకసారి, కిందికి ఏడుసార్లు చిలకరించాలి. లెక్క తప్పకుండా ‘ఒకటి, ఒకటీ ఒకటీ, ఒకటీ రెండూ, ఒకటీ మూడూ’ అని పైకి అంటూ ‘ఒకటీ ఏడూ’ దాకా వెళ్లాలి. మేక రక్తంతోనూ అంతే. ఈ రెండూ మళ్లీ తెర బయట. రెండు రక్తాలూ కలిపి ధూపవేదిక నాలుగు మూలలకీ నాలుగు, మీద ఏడు. అన్నీ కూడితే 43. కోడెను వధించాక ఆయన లోపలికి ధూపం తీసుకెళ్తాడు కదా, ఆ సేపట్లో రక్తం గడ్డకడితే పని చెడిపోతుంది. అందుకని బయట ఒక మనిషి గిన్నె పట్టుకుని ఆపకుండా కలుపుతూ ఉండాలి. వరసలో ముందుది వెనక, వెనకది ముందు చేస్తే ఏమీ చెయ్యనట్టే. ధూపం వేసి బయటికొచ్చాక ఆయన చేసే ప్రార్థన చిన్నదిగా ఉండాలి, ఆలస్యమైతే లోపల ఏమైపోయాడోనని జనం హడలిపోతారు కాబట్టి. ఇలాంటివి రాసిపెట్టినవాళ్లు పని తెలిసినవాళ్లు.

క్రీ.శ. 70లో రోమన్లు ఆ దేవాలయాన్ని కూల్చారు. అప్పటి నుంచి బలులు లేవు. ఒక్కడి మీద ఉన్న భారం ఇంటింటికీ పంచినట్టయింది. అందులో బరువైన వాటా ఆహారం సంగతి కాదు, మనుషుల మధ్య లెక్క.

మిష్నాలో నియమం ఖండితంగా ఉంది. దేవుడి పట్ల చేసిన తప్పులకి యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం అవుతుంది. తోటి మనిషి పట్ల చేసినదానికి, ఆ మనిషిని సమాధానపరిచే దాకా, కాదు. 25 గంటలు పస్తుండి, రోజంతా నిలబడి ప్రార్థించినా ఆ ఖాతా అలాగే ఉంటుంది. ‘ఇప్పుడు పాపం చేస్తాను, యోమ్ కిప్పూర్ చూసుకుంటుందిలే’ అనుకున్నవాడికి కూడా పనిచెయ్యదని పక్కనే చెప్పారు.

చేసే పద్ధతి మైమోనిడీస్ రాసిన ధర్మశాస్త్రంలో వరసగా ఉంది. 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉండి వైద్యం చేసుకుంటూ రాశాడాయన. తప్పు మానెయ్యాలి, చేసినందుకు బాధపడాలి, ఇక చెయ్యనని తీర్మానించుకోవాలి, నోరు తెరిచి ఒప్పుకోవాలి. మనసులో అనుకుంటే చాలదు. డబ్బు విషయమైతే ముందు అసలు తిరిగివ్వాలి, ఆ తర్వాత క్షమాపణ. డబ్బు ఇచ్చేసినంత మాత్రాన అయిపోదు, వెళ్లి అడగాలి. మాటతో కొట్టినవాడికి డబ్బుతో పని లేదు, అయినా వెళ్లి అడగాలి. అవతలివాడు కాదంటే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లాలి. మొత్తం మూడుసార్లు. అప్పటికీ మన్నించకపోతే తప్పు అటువైపుకి మారుతుంది. గురువు విషయంలో మాత్రం ఆ మూడు లెక్క లేదు, ఆయన ఒప్పుకునే దాకా తిరగాల్సిందే. అవతలి మనిషి చనిపోయి ఉంటే పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లెదుట తప్పు చెప్పుకోవాలి. బాకీ ఉంటే వారసులకివ్వాలి.

ఇప్పటి వాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చెప్తాను. ముందురోజు మధ్యాహ్నం నాలుగింటికి, ఉన్న నంబర్లన్నిటికీ ‘తెలిసో తెలియకో బాధపెట్టి ఉంటే క్షమించండి’ అని ఒకే సందేశం పంపించేస్తారు. నిజంగా బాధపడ్డ ఇద్దరు ముగ్గురికి దానివల్ల ఒరిగేది లేదు, వాళ్ల తప్పు మందిలో కలిసిపోయింది. మూడుసార్లు వెళ్లడానికి టైమెక్కడుంది నాలుగింటికి? అందుకే ఈ పని ఎలూల్ నెలలోనే, అంటే నలభై రోజుల ముందే మొదలుపెట్టమంటారు. సెఫార్దీ సంప్రదాయంలో, అంటే స్పెయిన్ మూలాలున్న యూదుల్లో, ఆ నెలంతా తెల్లవారుజామున సెలిఖోత్ అనే క్షమాపణ ప్రార్థనలు కూడా ఉంటాయి. అష్కెనాజీ వాళ్లు, అంటే మధ్య, తూర్పు యూరపు యూదులు, తిష్రీ 1న వచ్చే తమ సంవత్సరాదికి కొద్ది రోజుల ముందు మొదలుపెడతారు.

ఇంకో చిక్కుంది. వెనకాల చెడ్డగా మాట్లాడాం, ఆ మనిషికి తెలియదు. వెళ్లి చెప్పి క్షమాపణ అడగాలా? హఫెత్స్ హయ్యీమ్‌గా పేరున్న గురువు అడగాలనే అన్నాడు. అంతకు ముందుతరం వాడైన ఇశ్రాయేల్ సలాంతర్, తెలియనివాడికి చెప్పి కొత్తగా గుచ్చడం దేనికన్నాడు. నాకైతే సలాంతర్ మాటే మనుషులను ఎరిగిన మాటగా కనిపిస్తుంది. చాలామంది గురువులు కూడా నొప్పి కలుగుతుందనుకుంటే వివరం చెప్పకుండా అడగమంటారు.

ఇక ముందురోజు, తిష్రీ 9. ఆ రోజు తినడం విధి. మర్నాటి ఉపవాసం ఎంత ముఖ్యమో ఇవాళ తినడమూ అంత ముఖ్యమని తల్మూద్, అంటే మిష్నా మీద గురువుల చర్చల గ్రంథం, చెప్తుంది. కొందరు ఆ తెల్లవారుజామున కప్పరోత్ చేస్తారు. కోడిని తల చుట్టూ మూడుసార్లు తిప్పి, కోయించి, బీదలకిస్తారు. మనకి దిష్టి తీయడం గుర్తొస్తుంది. 16వ శతాబ్దంలో షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్రం రాసిన యోసేఫ్ కరో ఇది వద్దన్నాడు, పోలెండులో మోషే ఇస్సెర్లెస్ మా ఆచారం మాదేనన్నాడు. కోళ్లను ఎండలో బోనుల్లో గంటల తరబడి ఉంచుతున్నారన్న విమర్శ వచ్చాక చాలా ఇళ్లలో కోడి బదులు డబ్బు తిప్పి దానం చేస్తున్నారు.

మధ్యాహ్నం మిన్హా ప్రార్థనలో, ఆఖరి భోజనానికి ముందే, పాపాల ఒప్పుకోలు ఒకసారి చెప్పేస్తారు. రాత్రికి ఎలాగూ ఉంది కదా, ఇప్పుడెందుకంటే, భోజనం చేస్తూ గొంతుకు అడ్డం పడవచ్చు, తాగి మత్తెక్కవచ్చు, ఒప్పుకోలు మిగిలిపోకూడదని.

ఆ భోజనం విషయంలో తెలుగువాళ్లం వెంటనే చేసే తప్పు ఊరగాయ వేసుకోవడం. ఉప్పూ కారం దాహం పెంచుతాయి. అన్నం, రొట్టె, బంగాళాదుంప, ఉడికించిన కోడి, పల్చటి సూపు, ఇలాంటివి మేలు. పిండిపదార్థం ఒంట్లో నిలవయ్యేటప్పుడు తనతో నీటిని కూడా పట్టి ఉంచుతుంది. మద్యం వద్దు. నీళ్లు కూడా ఆఖరి పావుగంటలో లీటరున్నర గటగటా తాగితే లాభం లేదు, కొన్ని గంటల్లోనే చాలావరకు బయటికి పోతాయి. పొద్దున నుంచి గంటకో గ్లాసు చొప్పున తాగుతూ రావాలి. కాఫీ టీలు ఎక్కువగా తాగేవాళ్లకి ఆ రోజు తలనొప్పి ఆకలి వల్లే కాదు, కెఫీన్ ఆగిపోయినందువల్ల కూడా రావచ్చు. కెఫీన్ తలనొప్పి ఆఖరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, అంటే సరిగ్గా ఉపవాసం మధ్యలో. వారం ముందు నుంచి రోజుకో అరకప్పు తగ్గించుకుంటూ వస్తే ఆ బెడద తగ్గుతుంది.

దీపాల సంగతి. ఇంటి దీపాలతో పాటు రోజంతా వెలిగే దీపం ఒకటి పెట్టాలి. మర్నాటి రాత్రి ముగింపు ఆచారానికి, ఉపవాసం మొదలవక ముందు నుంచీ వెలుగుతున్న మంటే కావాలి, లేదా దాని నుంచి ముట్టించినది కావాలి. కొత్తగా అగ్గిపుల్ల గీస్తే చెల్లదు. బజార్లో మామూలుగా దొరికేది 24 గంటల కొవ్వొత్తి. ఉపవాసం 25 గంటలు. సూర్యాస్తమయానికి ఇరవై నిమిషాల ముందు వెలిగిస్తే మర్నాడు కావలసిన వేళకి సుమారు గంట ముందు ఆరిపోతుంది. ఏటా ఎన్నో ఇళ్లలో ఇదే జరుగుతుంది. 48 గంటలది కొనుక్కోవాలి, గాలి తగలని చోట, కింద పళ్లెంలో పెట్టాలి.

ఇప్పుడు, ఇందాక చెప్పిన పనులు కాక, ఇంకో ఐదు నిషేధాలు. తినడం, తాగడం కలిపి ఒకటి. స్నానం. నూనె, అత్తరు వంటివి రాసుకోవడం. తోలు చెప్పులు. దాంపత్యం. పొద్దున లేచాక వేళ్ల కణుపుల వరకే కడుక్కుంటారు, ఆ తడి చేతితో కళ్లు తుడుచుకుంటారు. మురికి అంటితే కడుక్కోవచ్చు, సుఖానికి వద్దు. చెప్పులు తోలువి కాకూడదు గనక కాన్వాసువో రబ్బరువో వేసుకుంటారు. తెల్లని అంగీ, దాని కింద మెరిసే ఇస్త్రీ ప్యాంటు, కాళ్లకి ఆకుపచ్చ రబ్బరు చెప్పులు. ఆ రోజు సినగాగ్‌లో, అంటే ప్రార్థనామందిరంలో, పెద్దమనుషులంతా ఇలాగే ఉంటారు, ఎవరూ నవ్వరు. ఆడపిల్లలకి 12, మగపిల్లలకి 13 ఏళ్లు నిండాక పూర్తి ఉపవాసం. తొమ్మిది, పది ఏళ్ల వాళ్లని గంట, రెండు గంటలు ఆలస్యంగా తినిపించి అలవాటు చేస్తారు.

(సభలోంచి ప్రశ్న: షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు?)

మంచి ప్రశ్న, అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రాణానికి ముప్పు ఉంటే ఉపవాసం లేదు. లేకపోవడమే కాదు, చెయ్యకూడదు. మిష్నా ప్రకారం రోగికి వైద్యుల మాట మీద తినిపించాలి, వైద్యులు లేకపోతే రోగి చాలనే దాకా ఆయన మాట మీదే తినిపించాలి. తల్మూద్ ఇంకో అడుగు వేసింది. తినాలి అని రోగి అంటున్నాడు, వంద మంది వైద్యులు అక్కర్లేదంటున్నారు, అయినా రోగి మాటే వినాలి. గర్భిణికి ఏదో వాసన తగిలి ప్రాణం కొట్టుకుంటే నెమ్మదించే దాకా పెట్టాలి. ప్రసవమైన మూడు రోజుల వరకు తల్లి ఉపవాసం చెయ్యదు. మూడు నుంచి ఏడు రోజుల మధ్య తనకి కావాలంటే తింటుంది. మామూలు ఆరోగ్యంతో ఉన్న గర్భిణి చేస్తుంది, కానీ వైద్యుణ్ణి ముందే అడిగి.

ఉపవాసం పూర్తిగా పనికిరాదు గానీ కొంచెం కొంచెంగా తింటే నిలబడగలరు అనుకునే రోగులకి ఒక కొలత ఉంది. శాస్త్రంలో దోషానికి లెక్క పెద్ద ఖర్జూరం అంత ఆహారం, లేదా ఒక బుగ్గ నిండేంత పానీయం. ఆ లోపల ఉంచుతూ, మధ్యలో వ్యవధి ఇస్తూ తీసుకోవాలి. ఇప్పటి గురువులు సాధారణంగా చెప్పేది: ఆహారం ఒక్కసారికి 30 మిల్లీలీటర్ల లోపు, పానీయం పెద్దవాళ్లకి 40 మిల్లీలీటర్ల లోపు, తొమ్మిదేసి నిమిషాల ఎడంతో. ఆహారం లెక్క, పానీయం లెక్క వేరువేరు, ఒకదానికొకటి కలవవు. అంటే గంటలో ఆరుసార్లనుకుంటే సుమారు పావులీటరు నీళ్లు, ముప్పావు కప్పు ఆహారం లోపలికి పోతాయి. చాలామందికి అది సరిపోతుంది. మీ బుగ్గ కొలత ఎంతో తెలుసుకోవడం ఎలాగంటే, నోట్లో నీళ్లు ఒక బుగ్గ నిండా పట్టి, కొలత గీతలున్న గ్లాసులోకి ఉమ్మి చూసుకోవాలి. దగ్గు మందు మూతలు దీనికి బాగా పనికొస్తాయి. ఇదంతా ముందురోజే కొలిచి, చిన్న గ్లాసుల్లో పోసి, గడియారం పక్కన పెట్టుకోవాలి. ఆ రోజు వెలుతురు చాలని గదిలో నీరసంగా ఉన్న మనిషి కొలుచుకోలేడు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డోసు సంగతి రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. రక్తంలో గ్లూకోజ్ 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే తొమ్మిది నిమిషాలూ లేవు, బుగ్గా లేదు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజో పళ్లరసమో తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష చేసుకోవాలి. ఆ పరీక్ష యంత్రం వాడటం కూడా అప్పుడు ధర్మమే. ఇన్ని చెప్పినా, ‘నలభై ఏళ్లుగా మానలేదు, ఇప్పుడు మానతానా’ అని మొండికేసే తాతలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. గురువులకి ఆ రోజు పెద్ద తలనొప్పి వీళ్లే. 1848లో విల్నాలో కలరా వచ్చినప్పుడు, ఇందాక చెప్పిన సలాంతరే ఉపవాసం చెయ్యవద్దని ఊరికి చెప్పాడు. తానే వేదిక మీద అందరూ చూస్తుండగా తిన్నాడని కథ ఉంది. ఆ ఒక్క వివరం మీద మాత్రం పండితుల్లో వాదం ఉంది.

ఇక సాయంత్రం. కోల్ నిద్రే. సూర్యాస్తమయానికి ముందే మొదలవ్వాలి, ఆలస్యమైతే పద్ధతి తప్పుతుంది. అది నిజానికి ప్రార్థన కాదు. అరమాయిక్ భాషలో ఉన్న ఒక చట్టపు ప్రకటన, మొక్కుల రద్దు. మొక్కు రద్దు చెయ్యడానికి ముగ్గురి న్యాయసభ కావాలి గనక పాడే హజ్జాన్‌కి రెండు పక్కలా ఇద్దరు తోరా, అంటే మోషే ఐదు గ్రంథాల, చుట్టలు పట్టుకుని నిలబడతారు. పండుగ నాడు న్యాయసభ కూర్చోదు గనక పొద్దుండగానే కానివ్వాలి. ఏడాదిలో రాత్రి ప్రార్థనకి అందరూ తాలీత్ అనే ప్రార్థన శాలువా కప్పుకునేది ఈ ఒక్కసారే. దాని దీవెన పగలే చెప్పాలి కాబట్టి అది కూడా వెలుతురుండగానే కప్పుకోవాలి. మూడుసార్లు పాడతారు, మొదట మెల్లగా, తర్వాత గొంతు పెంచుతూ. ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా వినాలని.

దీని మీద అపార్థం చాలా ఉంది. యూదులు ఏడాదికోసారి ఇచ్చిన మాటలన్నీ రద్దు చేసుకుంటారట అని యూరపులో శతాబ్దాలు ప్రచారం చేశారు. 1240లో పారిస్‌లో తల్మూద్ మీద జరిగిన వాదంలోనూ ఇది వచ్చింది. దీనితో రద్దయ్యేవి మనిషి తన మీద తాను పెట్టుకున్న మొక్కులు, అంటే దేవుడికీ తనకీ మధ్యవి. ఇంకొకరికి ఇచ్చిన మాట, రాసిన పత్రం, తీసుకున్న అప్పు, కోర్టులో చేసిన ప్రమాణం ఒక్కటీ దీనితో పోదు. అసలు 9వ శతాబ్దపు బాబిలోను గురువులే ఈ పాఠాన్ని ఒప్పుకోలేదు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో రబ్బేను తామ్, గడిచిన ఏడాది మొక్కులను కాక రాబోయే ఏడాదివాటిని ఉద్దేశించేట్టు పాఠం మార్చాడు. అష్కెనాజీ పుస్తకాల్లో అదే నిలిచింది.

ఆ రాత్రి, మర్నాడు కలిపి ఐదు ప్రార్థనలు. వాటన్నిటిలో ఒప్పుకోలు ఉంటుంది, మౌనంగా ఒకసారి, గట్టిగా ఒకసారి, మొత్తం పదిసార్లు. హెబ్రూ అక్షరమాల వరసలో ఉండే చిన్న ఒప్పుకోలు 24 మాటలు. పెద్దది అష్కెనాజీ పాఠంలో 44 పాదాలు. అన్నీ ‘మేము చేశాం’ అనే ఉంటాయి, ‘నేను’ అని ఉండదు. నేను దొంగతనం చెయ్యలేదే అని ఒక పాదం వదిలెయ్యడానికి లేదు. ఒక్కో మాటకి పిడికిలితో మెల్లగా గుండె మీద తట్టుకుంటారు. తోరాలో పొద్దున లేవీయకాండం 16 చదువుతారు, తర్వాత యెషయా 57, 58. ఆకలిగొన్నవాడికి రొట్టె పెట్టకుండా తల వంచుకుని చేసే ఉపవాసం దేనికని ప్రవక్త నిలదీసే భాగాన్ని, అందరూ కడుపులు కాలి కూర్చున్నప్పుడు వినిపిస్తారు. ఇంతకంటే గట్టి ఎంపిక ఉండదు. మధ్యాహ్నం యోనా గ్రంథం. నీనెవె పట్టణం గోనెపట్ట కట్టుకుని ఉపవాసం చేసింది, కానీ దేవుడు చూసింది వాళ్ల క్రియలనని మిష్నా గుర్తుచేస్తుంది.

ముసాఫ్ అనే అదనపు ప్రార్థనలో, ఇందాక చెప్పిన ప్రధానయాజకుడి పని అంతా 43 లెక్కతో సహా పాడతారు. మధ్యలో నేల మీద సాగిలపడతారు. నేల రాయిదైతే ముఖం కింద గుడ్డో కాగితమో వేసుకోవాలి. అప్పటికి 18 గంటలు దాటి ఉంటుంది, ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. మోకాళ్ల మీద కొంచెం ఆగి లేవమని పెద్దలు చెప్తారు.

చివరిది నెయిలా, ముగింపు ప్రార్థన. గంటసేపు తోరా చుట్టలుంచే మందసం తలుపులు తెరిచే ఉంచుతారు, చేతనైనవాళ్లంతా నిలబడే ఉంటారు. ‘మమ్మల్ని రాయి’ అని పది రోజులుగా వేడుకున్న చోట ఇప్పుడు ‘ముద్ర వేయి’ అంటారు. చివర్లో షెమా అనే విశ్వాస ప్రకటన ఒకసారి, దాని జవాబు మూడుసార్లు, ‘యెహోవాయే దేవుడు’ ఏడుసార్లు, పొట్టేలు కొమ్ము బూర ఒక్క దీర్ఘమైన ఊదు. బూర మోగగానే జనం తలుపు వైపు పరుగెడతారు. ఇంకా రాత్రి ప్రార్థన ఉంది, హవ్దాలా అనే ముగింపు ఆచారం ఉంది, హవ్దాలా లేకుండా తినకూడదు. ద్రాక్షరసం, ఇందాకటి ఆ దీపపు మంట, రెండూ ఉంటే రెండు నిమిషాల పని. తర్వాత కూడా ముందు పళ్లరసం, మెత్తటి రొట్టె. ఖాళీ కడుపులో వేపుళ్లు వేసుకుని రాత్రంతా బాధపడేవాళ్లకి కొదవ లేదు. అదే రాత్రి చాలామంది పెరట్లో సుక్కోత్ పండుగ పందిరికి ఒక గుంజ పాతుతారు, ఆ పండుగ ఐదు రోజుల్లోనే ఉంది.

మన దేశంలో సంగతి. కొంకణ్ తీరపు బెనే ఇశ్రాయేల్ యూదులు దీన్ని మరాఠీలో తలుపులు మూసే పండుగ అని పిలిచేవారు. తెల్లబట్టలు కట్టుకుని, తలుపులు వేసుకుని, వేరేవాళ్లను తాకకుండా ఇంట్లోనే ఉండేవారు. మర్నాడు బీదలకు దానాలు. ప్రార్థన పుస్తకాలు, గురువులు చాలాకాలం అందుబాటులో లేకపోయినా ఈ రోజు మాత్రం చెరిగిపోలేదు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే చిన్న తెలుగు సమాజం ఉంది, వాళ్లకో సినగాగ్ ఉంది. ఎఫ్రాయిము గోత్రపు సంతతి అన్నది వాళ్ల నమ్మకం; ఇశ్రాయేలు ప్రభుత్వం వాళ్లను యూదులుగా గుర్తించలేదు. 

యుద్ధం సంగతి ఒక్క మాట. 1973 అక్టోబరు 6, శనివారం, యోమ్ కిప్పూర్. మధ్యాహ్నం రెండింటికి ఈజిప్టు, సిరియా దాడి చేశాయి. రేడియో ఆగి ఉంది, అది ఇబ్బంది. కానీ రోడ్లు ఖాళీ, సైన్యంలో చేరాల్సినవాళ్లంతా ఇంట్లోనో సినగాగ్‌లోనో దొరికారు. ఇప్పటికీ ఆ రోజు ఇశ్రాయేలులో విమానాశ్రయం మూసేస్తారు, టీవీ ప్రసారాలు ఆగుతాయి, పెద్ద రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు.

(సభలోంచి ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం. టీములో యూదులున్నారు. ఆ రోజు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?)

ముందురోజు మధ్యాహ్నం తర్వాత వాళ్లకి మీటింగు పెట్టకూడదు, మూడింటికల్లా ఇంటికి వెళ్లాలి వాళ్లు. మర్నాడు రాత్రి ఎనిమిది దాకా మెయిలుకి జవాబు రాదు, రెండోసారి పంపొద్దు. శుభాకాంక్షలు చెప్పాలనుంటే ‘గ్మార్ హతీమా తోవా’ (చివరికి మంచి ముద్ర పడాలి) అనాలి, లేదా ఉపవాసం సులువుగా గడవాలని అంటే చాలు. పనిలో ఏదైనా మాట తేడా వచ్చి ఉంటే అది అంతకుముందు వారంలోనే మాట్లాడేసుకోమనండి, ఆ వారంలో వాళ్లూ అందుకు సిద్ధంగా ఉంటారు. 2026లో సెప్టెంబరు 20 ఆదివారం సాయంత్రం మొదలు, 21 సోమవారం రాత్రికి ముగింపు. 2027లో అక్టోబరు 10 సాయంత్రం నుంచి 11 సోమవారం రాత్రి దాకా. రాసుకున్నారా? ఇంకో ప్రశ్న ఉంటే అడగండి.